నల్లగొండ నుంచి రూ. 30 లక్షలు: క్యాన్సర్ బయోకెమిస్ట్రీ పరిశోధకులకు ఎట్ల ఇస్తే అక్కెరకొస్తది?

#1 పానగల్లు

అందరికీ నమస్తే. పది మంది దాతలు కలిసి మూడేండ్లకు 30 లక్షలు జమ చేస్తున్నరు. క్యాన్సర్ జీవరసాయనం మీద పనిచేసే పడుచు పరిశోధకులకే ఇయ్యాలె అని తీర్మానమైంది. ట్రస్టుకు 12ఏ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ) రెండూ ఉన్నయి. లొల్లి ఒక్కటే. సగం మంది మంచి మెషిన్ కొనిచ్చి మీద పేరు రాయిద్దామంటున్నరు, సగం మంది స్కాలర్‌షిప్పు అంటున్నరు. ఏది మేలు? యూనివర్సిటీకి ఇయ్యాల్నా, పిల్లల ఖాతాల వెయ్యాల్నా? జిల్లా పిల్లలకే అని షరతు పెట్టొచ్చా? పని తెలిసినోళ్లు లెక్కలతో చెప్పున్రి.

#2 కోయిల్‌సాగర్

మెషిన్ వద్దు. కారణం చెప్తాను.

మైనస్ 80 ఫ్రీజర్ సంగతి తీసుకోండి, దాతలు ముందు అడిగేది అదే. గది వేడి 30 డిగ్రీలు దాటితే దాని కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పాలమూరులో, నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో గదికి ఏసీ లేకపోతే రెండో ఎండాకాలం దాటదు. ఏసీ రాత్రీపగలూ నడవాలి, స్టెబిలైజర్ ఉండాలి, జనరేటర్ లైను ఆ గది దాకా రావాలి, వారంటీ అయిపోయాక ఏటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు కట్టాలి. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ దాత డబ్బు ఇవ్వడు. ఫ్రీజర్ ఆగిన రాత్రి పోయేది ఫ్రీజర్ కాదు, అందులో మూడేళ్లుగా దాచిన శాంపిళ్లు.

కణాలు పెంచే గది కూడా అంతే. క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్ కొంటే సరిపోదు. దాని హెపా ఫిల్టర్‌ను ఏటా పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి. కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్‌కు సిలిండర్లు రెండు ఉండాలి, ఒకటి వాడకంలో, ఒకటి నిండుగా. ఆదివారం గ్యాస్ అయిపోతే సోమవారానికి మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) గులాబీ రంగుకు తిరిగి ఉంటుంది. పీహెచ్ ఎక్కిపోయిందన్నమాట. ఆ కణాలతో చేసే ప్రయోగం దండగ.

మనిషికి ఇవ్వండి, ఆ మనిషి చేతిలో ఖర్చయ్యే సామానుకు ఇవ్వండి. పెద్ద మెషిన్లు హైదరాబాద్‌లో ఉన్నాయి. ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ పరికరం బయటివాళ్లకు ఇస్తున్నారో, గంటకు ఎంతో కనిపిస్తుంది. బుక్ చేసుకుని పోయి వాడుకోవచ్చు.

#3 పైపెట్టు

కోయిల్‌సాగర్ సార్ మాటకు లెక్క జోడిస్తున్నా. ఒక్క పీహెచ్‌డీ విద్యార్థికి మూడేళ్లు.

కేంద్రం లెక్కన 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ (మొదటి రెండేళ్ల ఫెలోషిప్) నెలకు 37,000, ఎస్ఆర్ఎఫ్ (ఆ తర్వాతది) 42,000. మొదటి రెండేళ్లకు 8,88,000, మూడో ఏడు 5,04,000, కలిపి 13.92 లక్షలు. సామానుకు ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున 7.5 లక్షలు. బయటి పరికరాల అద్దెకు 3 లక్షలు. బస్సు, రైలు, ఒక సదస్సు అంటే ఏడాదికి 30 వేలు, అది 90 వేలు. మొత్తం 25.32 లక్షలు. యూనివర్సిటీ ఓవర్‌హెడ్ 5 శాతం పట్టినా 26.59 లక్షలకు తేలుతుంది. మిగిలిన 3.41 లక్షలను ముట్టుకోవద్దు. థీసిస్ రాసే ఆరు నెలలకు 2.52 లక్షలు అందులోంచే రావాలి. ఫెలోషిప్ ఆగి డిగ్రీ రాని ఆ సందులోనే చాలామంది ఉద్యోగం చూసుకుని బెంచ్ వదిలిపోతారు.

రెండున్నర లక్షల సామానులో ఏముంటుందని దాతలు అడుగుతారు, చిన్న ఉదాహరణ చెప్పండి. కణాలు పెంచే టీ-75 ఫ్లాస్కులు మూడు, ఒక్కోదానికి 15 మిల్లీలీటర్ల మీడియం, వారానికి మూడుసార్లు మార్పు. వారానికి 135 మిల్లీలీటర్లు, ఏడాదికి 7 లీటర్లు. సీరం 10 శాతం కలపాలి కాబట్టి 700 మిల్లీలీటర్లు. ప్లేట్లకు, కణాలు గడ్డకట్టించి దాచడానికి కూడా సీరం పోతుంది, అంటే 500 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఆ రెండూ ఒకే లాట్ (ఒకే విడత తయారీ) నంబరువి కావాలి. సీరం లాట్ మారితే కణాలు పెరిగే వేగం మారుతుంది, మొన్నటి ఫలితానికీ నేటి ఫలితానికీ పొంతన ఉండదు. అందుకే ఒకేసారి కొనడానికి మొదటి విడతలోనే సామాను డబ్బు ఎక్కువ వదలాలి. మూడేళ్లకు సమానంగా పంచొద్దు.

యాంటీబాడీ 100 మైక్రోలీటర్ల సీసా వస్తుంది. వెయ్యికి ఒకటి పలుచన చేస్తే 100 మిల్లీలీటర్లు, బ్లాట్‌కు (ప్రోటీన్ గుర్తించే పరీక్షకు) 10 చొప్పున పది బ్లాట్లు. అంతే. ‘ఒక సీసాకు అంత రేటా’ అనేవాళ్లకు ఈ లెక్క చూపండి.

#4 పిల్లలమర్రి07

హెచ్ఆర్ఏ (ఇంటి కిరాయి భత్యం) మర్చిపోయిన్రు అన్నా.

#5 పైపెట్టు

నిజమే తమ్మీ, తప్పు నాదే. కేంద్ర ఉద్యోగుల లెక్క పాటిస్తే నల్లగొండ, మహబూబ్‌నగర్ జెడ్ తరగతి, హైదరాబాద్ ఎక్స్ తరగతి. 2024 జనవరి నుంచి జెడ్‌కు 10 శాతం, ఎక్స్‌కు 30 శాతం. 13.92 లక్షల మీద నల్లగొండలో ఉంటే 1.39 లక్షలు, హైదరాబాద్ ల్యాబ్‌లో ఉంటే 4.18 లక్షలు. రెండోది ఇస్తే పైన మిగులుతుందన్న 3.41 లక్షలు ఎగిరిపోయి ఇంకా లోటు పడుతుంది. ప్రైవేటు ట్రస్టు ఆ శాతాలు పాటించి తీరాలని లేదు. కానీ ఎంత ఇస్తారో ప్రకటనలోనే అంకెల్లో రాయండి. ‘నిబంధనల ప్రకారం’ అని రాస్తే మూడో నెలలో గొడవ మొదలవుతుంది.

#6 లెక్కలబుక్కు

డబ్బు వచ్చే దారి గురించి.

ఒకటి, ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఖర్చు కావాలి. 30 లక్షలూ మొదటి ఏడాదే వచ్చి పడితే మిగిలినదాన్ని ఫలానా పనికని ముందే ఫారం వేసి, 5 ఏళ్ల లోపు వాడేలా పక్కన పెట్టుకోవాలి. గడువు దాటాక వేస్తే పన్ను. మూలధనంగా ఉంచాలనుకున్న దాత ‘కార్పస్‌కు’ అని రాతపూర్వకంగా ఇవ్వాలి, నోటిమాట చెల్లదు.

రెండు, 80జీ రాయితీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలోకి మారిన దాతకు రసీదు ఇచ్చినా తగ్గేదేమీ లేదు. ముందే చెప్పండి, తర్వాత మాట పడకుండా.

మూడు, చౌటుప్పల్, పోలేపల్లి సెజ్ చుట్టుపక్కల మందుల కంపెనీలు ఉన్నాయి కదా, వాటి సీఎస్ఆర్ (లాభంలోంచి సమాజం కోసం పెట్టాల్సిన సొమ్ము) అడగొచ్చు. కంపెనీల చట్టం 135 సెక్షన్ కింద గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం. ఏడో షెడ్యూలు తొమ్మిదో అంశంలో ప్రభుత్వ నిధులతో నడిచే విశ్వవిద్యాలయాలకు ఇచ్చే విరాళం నేరుగా ఉంది. కాబట్టి మహాత్మాగాంధీ యూనివర్సిటీకి, పాలమూరు యూనివర్సిటీకి పరిశోధన కోసం ఇవ్వొచ్చు. మీ ట్రస్టు ద్వారా అయితే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ కావాలి, ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. కంపెనీ తన రోజువారీ వ్యాపారం కింద చేసే పనిని సీఎస్ఆర్‌లో చూపకూడదు. అది అమ్మే మందు మీదే ఫెలో పనిచేస్తే ఆడిటర్ పట్టుకుంటాడు.

కంపెనీలు ఫిబ్రవరిలో ఫోన్ చేసి ‘మెషిన్ ఏదైనా ఉందా, మార్చిలోపు బిల్లు కావాలి’ అనడానికి కారణం ఇక్కడే ఉంది. ఆ ఏడు మిగిలిన డబ్బు ‘కొనసాగే ప్రాజెక్టు’ కింద లేకపోతే ప్రధానమంత్రి నిధి లాంటివాటికి పోతుంది. బోర్డు ముందే కొనసాగే ప్రాజెక్టుగా తీర్మానిస్తే మిగులును ఏప్రిల్ 30 లోపు ప్రత్యేక ఖాతాలో వేసి తర్వాతి మూడేళ్లలో వాడుకోవచ్చు. స్టైపెండు అడిగేటప్పుడు ఈ తీర్మానమే అడగండి. ప్రాజెక్టు మొదలైన ఏడు కాక మూడేళ్లే గరిష్ఠం. ఐదేళ్ల పీహెచ్‌డీ ఒక్క తీర్మానంలో ఇమడదు.

#7 పానగల్లు

సార్, దాతల్ల నలుగురు అమెరికాల ఉన్నరు. ఇద్దరికి అక్కడి పౌరసత్వం వచ్చింది. వాళ్ల పైసలు తీస్కోవచ్చా?

#8 లెక్కలబుక్కు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, తీసుకోండి. పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకోండి. పౌరసత్వం మారినవాళ్లది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి. అందుకు ట్రస్టు మూడేళ్లు నడిచి 15 లక్షలు అసలు పనుల మీద ఖర్చు పెట్టి ఉండాలి. వచ్చాక కూడా డబ్బు దిల్లీ సంసద్ మార్గ్ ఎస్‌బీఐ ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, 2020 సవరణ తర్వాత ఇంకో సంస్థకు బదలాయించకూడదు. అంటే మీరు తీసుకుని యూనివర్సిటీకి ఇవ్వడం కుదరదు.

చట్టంతో ఏర్పడి, కాగ్ ఆడిట్ తప్పనిసరిగా ఉన్న సంస్థలకు ఎఫ్‌సీఆర్ఏ నుంచి మినహాయింపు ఉంది. ఆ ఇద్దరూ అలాంటి సంస్థకు నేరుగా ఇచ్చుకోవచ్చు. అయితే రాష్ట్ర యూనివర్సిటీ అనగానే కాగ్ ఆడిట్ ఉందని అనుకోవద్దు. ఆ యూనివర్సిటీ చట్టంలో ఆడిట్ సెక్షన్ చదివి చూసుకోండి.

ఇంకొకటి. ‘మన ఊరి అమ్మాయి బోస్టన్ పోతోంది, ఫీజు కడదాం’ అనే ఆలోచన వస్తుంది. ట్రస్టు ఆదాయం దేశం బయట ఖర్చయితే పన్ను మినహాయింపు దగ్గర చిక్కు పడుతుంది. దాత సొంతంగా ఇచ్చుకోవడం వేరు.

#9 డిండి అలుగు

జిల్లా పిల్లలకే అన్న షరతు మీద నా మాట. పెట్టున్రి. హైదరాబాద్‌ల సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి కేంద్ర పరిశోధన సంస్థల, సెంట్రల్ యూనివర్సిటీల పనిచేసే పిల్లలకు కేంద్రం ఫెలోషిప్పులు ఎట్లాగూ ఉన్నయి. నెట్ గట్టెక్కనోడు, జిల్లా యూనివర్సిటీల చేరినోడు ఖాళీ చేతుల్తోని ఉంటడు. దేవరకొండ, అచ్చంపేట దిక్కు నుంచి వచ్చి ఎమ్మెస్సీ చేసిన పిల్ల ఇంటికి పైసలు పంపాల్సిన వయసుల స్టైపెండు లేకుంట పీహెచ్‌డీ ఎట్ల చేస్తది? నిమ్స్, ఎంఎన్‌జే దవాఖానల ముంగట మన జిల్లాలోళ్లు ఎందరు పడిగాపులు కాస్తరో చూస్తనే ఉన్నం. ఆ జబ్బు మీద పనిచేసేటోళ్లు మన దగ్గర కూడా తయారు కావాలె.

#10 కోయిల్‌సాగర్

మనిషి జిల్లా నుంచి కావాలనడంలో తప్పు లేదు. పని మొత్తం జిల్లాలోనే జరగాలంటే మాత్రం ఒప్పుకోను. మాస్ స్పెక్ట్రోమీటర్ లేనిచోట కణంలో గ్లూకోజ్ ఎటు పోతోందో కొలవలేరు. చివరికి ఆ ల్యాబ్‌లో ఉన్న ఒకటిరెండు పరీక్షలతోనే థీసిస్ అల్లుతారు.

కుదిరే పద్ధతి ఇది. రిజిస్ట్రేషన్, గైడ్ జిల్లా యూనివర్సిటీలో. సహ గైడ్ హైదరాబాద్‌లోగానీ బీబీనగర్ ఎయిమ్స్‌లోగానీ. ఇద్దరూ సంతకం పెట్టిన ఉత్తరంలో ఏడాదికి ఎన్ని వారాలు ఎక్కడో రాయాలి. ‘సహకరిస్తాం’ అనే ఉత్తరం పనికిరాదు. ఏ పరికరం మీద, ఎన్ని గంటలు, బెంచ్ ఫీజు ఎంత అని ఉండాలి. నల్లగొండ నుంచి రోజూ ఎల్బీనగర్ దాకా బస్సులో పోయివస్తూ కణాలు పెంచడం కాదు. 24, 48, 72 గంటలకు రీడింగులు తీయాలి. హాస్టల్ గది ఏర్పాటు లేని సహకారం మూడు నెలల ముచ్చట.

#11 డిండి అలుగు

గట్లయితే ఒప్పుకుంట. గది కిరాయి బడ్జెట్ల వెయ్యున్రి మరి.

#12 పైపెట్టు

దరఖాస్తులు వస్తే సగం ఇలా ఉంటాయి: ఫలానా ఆకు కషాయం, హీలా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్) కణాలు, ఎంటీటీ పరీక్ష, కణాలు చచ్చాయి, కాబట్టి క్యాన్సర్ మందు. వీటిని వడపోయడానికి వేసుకోవాల్సిన ప్రశ్నలు.

ఎంటీటీ కొలిచేది చావును కాదు, కణంలోని ఎంజైములు ఆ పసుపు రంగు పదార్థాన్ని ఊదా స్ఫటికాలుగా మార్చే శక్తిని. జీవక్రియను ఆపే మందు పెడితే కణం బతికే ఉండి రీడింగ్ పడిపోతుంది. క్యాన్సర్ జీవక్రియ మీద పనిచేస్తానని రాసి ఒక్క ఎంటీటీయే చూపినవాళ్లకు పరీక్ష సంగతి తెలియదన్నమాటే. ట్రైపాన్ బ్లూ లెక్కో, క్రిస్టల్ వయొలెటో, అనెక్సిన్ పరీక్షో పక్కన ఉండాలి.

లాక్టేట్ కొలుస్తామంటే ఖాళీ మీడియం బ్లాంక్ పెట్టారా చూడండి. సీరంలోనే లాక్టేట్ ఉంటుంది. కణాల సంఖ్యతో భాగించారా? మందు పెట్టిన బావిలో (ప్లేటులోని గుంటలో) కణాలే సగం ఉంటే లాక్టేట్ సగమవడం వింతేమీ కాదు.

కణాలు ఎక్కడివి? పుణె ఎన్‌సీసీఎస్ నుంచి తెచ్చిన రసీదు, ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాల డీఎన్ఏ గుర్తింపు), మైకోప్లాస్మా (కణాల్లో చేరే బ్యాక్టీరియా) పరీక్ష ఎన్ని నెలలకోసారి అన్నది అడగండి. పక్క ల్యాబ్ స్నేహితుడు ఫ్లాస్కులో ఇచ్చిన కణాలు వద్దు. రొమ్ము క్యాన్సర్ అనుకుని ఏళ్ల తరబడి హీలాను పెంచిన ల్యాబులు ప్రపంచమంతా ఉన్నాయి.

#13 పిల్లలమర్రి07

అన్నా, ఆకు రసం రంగు వల్ల 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ ఎక్కువొస్తదా? అట్లొస్తే ఏం చేయాలె?

#14 పైపెట్టు

వస్తుంది. రంగు ఒక్కటే కాదు, ఆకుల్లోని యాంటీఆక్సిడెంట్లు కణాలు లేకపోయినా ఎంటీటీని ఊదాకు మారుస్తాయి. కణాలు లేని బావుల్లో మీడియం, రసం, ఎంటీటీ మాత్రమే పెట్టి ప్రతి మోతాదుకూ బ్లాంక్ తీయాలి. ఎంటీటీ వేసేముందు రసం ఉన్న మీడియం తీసేసి ఉప్పుద్రావణంతో ఒకసారి కడిగితే ఇంకా నయం. రసం కరిగించిన డీఎంఎస్ఓ ద్రావకం బావిలో అర శాతం దాటొద్దు. దాటితే అదే చంపుతుంది. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములు వేసినా సగం కణాలు చావకపోతే ఆ రసం మీద ఇంకో రూపాయి పెట్టనవసరం లేదు.

#15 మూసీవాగు

అనుమతుల మాట ఎవరూ ఎత్తలేదు. డబ్బు వచ్చాక వీటికి తిరిగితే ఆరు నెలల స్టైపెండు ఊరికే పోతుంది.

రోగుల శాంపిళ్లు కావాలంటే, అవి మెడికల్ కాలేజీలో పాత పారాఫిన్ దిమ్మలైనా (మైనంలో దాచిన కణజాలం) సరే, ఎథిక్స్ కమిటీ ఆమోదం కావాలి. ఆ కమిటీ ఆరోగ్య పరిశోధన శాఖ దగ్గర నమోదై ఉండాలి, నంబరు అడగండి. యూనివర్సిటీకి ఒక కమిటీ, కాలేజీకి ఒక కమిటీ ఉంటే రెండింటి నుంచీ. లెంటీవైరస్‌తో జన్యువు ఆపడం లాంటి పని ఉంటే సంస్థాగత బయోసేఫ్టీ కమిటీ. ఎలుకలుంటే జంతు ఎథిక్స్ కమిటీ వేరు. విదేశీ నిధి లేదా విదేశీ భాగస్వామి ఉన్న ఆరోగ్య పరిశోధనైతే ఐసీఎంఆర్ దగ్గర హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా. ప్రకటనలో ఇలా రాయండి: ఎంపిక జరిగినా, కమిటీ ఉత్తరం చేతికొచ్చిన నెల నుంచే సామాను విడత, స్టైపెండు మాత్రం చేరిన రోజు నుంచి. ఆలస్యానికి విద్యార్థిని ఎండబెట్టొద్దు.

#16 డిండి అలుగు

పెద్ద సంస్థల సంగతి కూడా ఒక్కసారి చెప్పున్రి. ఈ 30 లక్షలతోని తయారైన పిల్ల తర్వాత ఎక్కడికి పోతది?

#17 కోయిల్‌సాగర్

పీహెచ్‌డీ చివరి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టుకోగలిగినది ఇండియా అలయెన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్. 2008లో మొదలైంది, ఆఫీసు హైదరాబాద్‌లోనే. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, లండన్ వెల్‌కమ్ ట్రస్టు కలిసి నడుపుతాయి. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం మూడో దశకు 1,500 కోట్లు ఆమోదించింది, అందులో 500 కోట్లు వెల్‌కమ్‌వి. వయసు కాదు, పీహెచ్‌డీ తర్వాత గడిచిన ఏళ్లు చూస్తారు.

రక్త క్యాన్సర్ మీదైతే లేడీ టాటా మెమోరియల్ ట్రస్టు. మెహెర్‌బాయి టాటా 1931లో ల్యుకేమియాతో పోతే భర్త దొరాబ్జీ 1932లో పెట్టాడు. ఆదాయంలో అయిదింట నాలుగు వంతులు ప్రపంచంలో ఎక్కడైనా ల్యుకేమియా పరిశోధనకు, ఒక వంతు భారత్‌లో పరిశోధనకు. దాత ఇంట జరిగిన చావు అయినా డబ్బు కట్టడానికి పోలేదు, మనుషులకు పోయింది. అమెరికా పోదామనుకుంటే డామన్ రన్యన్ ఫౌండేషన్, 1946 నాటిది. పోస్ట్‌డాక్‌కు నాలుగేళ్లు ఇస్తుంది, విదేశీయులైనా సరే, పని మాత్రం అమెరికాలో.

మన లెక్కలోకి వచ్చేది ఇంకొకటుంది. యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ చేరడానికి ఆసరా కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ ఇచ్చిన హామీ, మామగారు సమకూర్చిన సొమ్ము. పాతికేళ్ల తర్వాత లెడర్లీ మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ మందునే బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 1948లో ఫలితాలు అచ్చయ్యాయి, పదహారు మందిలో పది మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. మెషిన్ మీద పేరు కావాలంటున్న దాతలకు ఇది చదివి వినిపించండి.

#18 పానగల్లు

మస్తుగుంది సార్. ఒకాయన పేరు మీద శాశ్వత నిధి అంటున్నడు. 60 లక్షలు ఫిక్స్‌డ్‌ల వేస్తే వడ్డీతోని ఏటా ఒక ఫెలో వెళ్తడా?

#19 లెక్కలబుక్కు

వెళ్లడు. 4.44 లక్షలకు 7 శాతం లెక్కన 63.4 లక్షలు చాలని కాగితం మీద కనిపిస్తుంది. కానీ జేఆర్ఎఫ్ 2014లో 25,000, 2019లో 31,000, 2023లో 37,000. వడ్డీ అంతా తినేస్తే పదేళ్లకు స్టైపెండులో సుమారు అరవై శాతమే ఇచ్చే నిధిగా మిగులుతుంది. ఏటా 4 శాతమే తీసి మిగతాది అసలులో కలపాలి. అప్పుడు 1.11 కోట్లు కావాలి. అంత లేకపోతే శాశ్వతం అనే మాట మానుకుని ఇద్దరికి పూర్తిగా ఇచ్చి నిధి ముగించడమే న్యాయం.

జర్నళ్లకు చందా కడతామనే దాత ఉంటే ఆ డబ్బు కూడా ఇటు మళ్లించండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలకూ జర్నళ్లు వస్తున్నాయి. సామాను బిల్లుల్లో జీఎస్టీ వేసుకోవడం మరవద్దు. కేంద్ర పరిశోధన శాఖ డీఎస్ఐఆర్ సర్టిఫికెట్ చూపి 5 శాతం కట్టే రాయితీ 2022 జూలై 18తో పోయింది. ప్లాస్టిక్ సామాను, చాలా రసాయనాలు 18 శాతమే.

#20 మూసీవాగు

ఒప్పంద పత్రంలో పెట్టాల్సినవి చెప్తున్నా. స్టైపెండు ట్రస్టు నుంచి నేరుగా విద్యార్థి ఖాతాకు, గైడ్ హాజరు మెయిల్ 25వ తేదీకి, డబ్బు ఒకటో తేదీకి. సామాను డబ్బు యూనివర్సిటీలో వేరే ప్రాజెక్టు ఖాతాకు. సాధారణ ఖాతాలో పడితే జీతాల కిందో కరెంటు బిల్లు కిందో పోతుంది, తిరిగి రాదు. అమ్మాయిలకు 180 రోజుల ప్రసూతి సెలవు, స్టైపెండుతో, ఆ కాలం గడువుకు కలుపుతూ. గైడ్ వేరే ఊరికి మారితే ఫెలోషిప్ విద్యార్థితో పోతుందా, ఆగుతుందా అన్నది ముందే తేల్చుకోవాలి. ఫలితాల మీద ట్రస్టుకు హక్కు లేదు. పేపర్లో కృతజ్ఞత ఒక్క వాక్యం చాలు. ఎంపికలో దాతల బంధువు ఉంటే ఆ దాత ఆ రోజు గదిలో ఉండకూడదు.

#21 పైపెట్టు

ఇంకొక్కటి చేర్చండి. డ్రై ఐస్‌లో వచ్చే సామాను నల్లగొండ, పాలమూరు చిరునామాకు తెప్పించొద్దు. పెట్టెలో డ్రై ఐస్ రోజుకు 2 నుంచి 4 కిలోలు ఆవిరైపోతుంది. కొరియర్ శుక్రవారం హైదరాబాద్ చేర్చి సోమవారం ఇక్కడికి పంపితే ఎంజైమ్ పెట్టెలో ఖాళీ థర్మకోలే దొరుకుతుంది. సహ గైడ్ ల్యాబ్ చిరునామాకు, సోమవారమో మంగళవారమో బయల్దేరేలా ఆర్డర్ పెట్టమనండి. విద్యార్థి పోయి చిన్న చిన్న ట్యూబుల్లో పంచుకుని, వారానికి సరిపడా మాత్రం ఐస్ పెట్టెలో తెచ్చుకోవాలి. ఆ పెట్టె ఖరీదు, బస్సు చార్జీ ప్రయాణం పద్దులో చూపనిస్తామని పత్రంలో రాయండి. లేకపోతే అకౌంట్స్ సెక్షన్‌లో ఆ 600 రూపాయల బిల్లు దగ్గరే ఆగిపోతుంది.

#22 పానగల్లు

రాస్కున్న. ప్రకటన ముసాయిదా ఆదివారం ఇక్కడ్నే పెడ్త, కొట్టివేతలు చేయున్రి.